నాలుగు తొట్లెలు, నా వక్రరేఖ

2024 జూన్ 9, ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, షోలాపూర్ దాజీ పేట్‌లోని మా తెలుగు నేత సమాజ ధర్మనిధి ప్రసూతి గృహంలో, పైకప్పు కూలగా మిగిలిన ముందు గదిలో జరిగిన సమావేశానికి హాజరైనవారు, కూర్చున్న క్రమంలో: మొదటి కుర్చీలో అధ్యక్షుడు అంబాదాస్, తువ్వాళ్ళ కార్ఖానా యజమాని. ఆయనకు కుడివైపు నేను, సిద్ధరాములును, ముప్పై నాలుగేళ్ళు కళాశాలలో గణాంకశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ పొందినవాణ్ణి. నా పక్కన ఇద్దరు సభ్యులు, నూలు వ్యాపారులు; వారు ఆ రోజు టీ తాగిందే ఎక్కువ కనుక వారి పేర్లు రాయను. చివరి కుర్చీలో మరొక సభ్యుడు యాదగిరి, నలభై ఏళ్ళు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి ఆ చప్పుడుకు సగం వినికిడి పోగొట్టుకున్న కార్మికుడు. గోడ దగ్గర నిలబడి, ఓటు హక్కు లేని కార్యదర్శి అమోల్, అతని ప్రొజెక్టర్. గుమ్మం పక్కన చాప మీద, బీడీలు చుట్టి బతికే గోదావరి. ఆమె పక్కన ఎనిమిదో నెల నిండిన కూతురు రూపాలి. ఇద్దరి మధ్య పాత చద్దరులో కట్టిన ఒక మూట.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉన్నది. కార్యదర్శి అచ్చు వేయించి పంచిన మినిట్స్‌లో చివరి ఇద్దరి పేర్లు లేవు. వారు సభ్యులు కారు కనుక రాయలేదన్నాడు. ప్రొజెక్టర్ కూడా సభ్యత్వం తీసుకోలేదు. దాని ప్రస్తావన రెండు చోట్ల ఉన్నది.

తేల్చవలసిన విషయం ఒక్కటే. మూడున్నరేళ్ళ క్రితం వానలకు ఈ ప్రసూతి గృహం కప్పు కూలింది. పాత రిజిస్టర్లు నీళ్ళలో నాని ముద్దయిపోయాయి. నాటి నుండి పేట ఆడపిల్లలు పురుటికి ఊరవతలి దవాఖానకు పోతున్నారు. ఇప్పుడు చందాలు పోగయ్యాయి. ఆ స్థలంలో పది మంచాల ప్రసూతి గృహాన్నే తిరిగి కట్టాలా, లేక పెళ్ళిళ్ళకు మంగళ కార్యాలయం కట్టాలా? అంబాదాస్ మొగ్గు రెండోదాని వైపు. ఆయన చేతిలో ఉన్న ఆయుధం మాత్రం నాది.

1994లో నేను ఈ పేట జనాభా మీద ఒక నివేదిక రాశాను. అందులోని సూత్రాన్ని విద్యార్థులకు మగ్గాల ఉదాహరణతో చెప్పేవాణ్ణి. ఖాళీగా ఉన్న ఒక గల్లీకి మొదట రెండు మగ్గాలు వస్తాయి. వాటి దగ్గర పని నేర్చినవారు తమ మగ్గాలు వేసుకుంటారు. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. కొంతకాలం ఆ వేగాన్ని ఎవరూ ఆపలేరనిపిస్తుంది. కానీ గల్లీ పొడవు పెరగదు. ఖాళీ జాగా తగ్గినకొద్దీ కొత్త మగ్గాల రాక మందగిస్తుంది. చివరకు గల్లీ నిండుతుంది, సంఖ్య నిలిచిపోతుంది. కాగితం మీద గీస్తే ఆ రేఖ నేల మీద మెల్లగా పాకి, నిటారుగా లేచి, ఒక ఎత్తున అడ్డంగా వాలుతుంది. మనుషుల సంఖ్యా అంతే. ఉన్నవారి సంఖ్యను బట్టి పెరుగుదల, మిగిలిన చోటును బట్టి దానికి పగ్గం. మా పేటకు ఆ గరిష్ఠ సీమ ఆరువేల రెండు వందలని నేను లెక్కగట్టాను. ముప్పై ఏళ్ళ తరువాత అమోల్ ఇల్లిల్లూ తిరిగి లెక్కిస్తే ఆరువేల నూట నలభై వచ్చింది. ఆ వార్త తెలిసిన రోజు నేను రెండు కప్పుల కాఫీ తాగానని ఒప్పుకుంటున్నాను.

ఆ నివేదికలో చివరి వాక్యం ఇది: "కనుక కాలక్రమాన ఇక్కడి కాన్పులు కూడా తగ్గి, ప్రసూతి మంచాల ఆవశ్యకత నామమాత్రం కాగలదు."

అమోల్ ఆ వాక్యాన్ని గోడ మీద అడుగు ఎత్తు అక్షరాలతో చూపించాడు. తరువాత నా వక్రరేఖను చూపించాడు. "సర్ ముప్పై ఏండ్ల కిందనే చెప్పిండ్రు. గీత ఫ్లాట్ అయింది. నగరం జనన నమోదులల్లకెల్లి మన పేట అడ్రస్ ఉన్నోళ్ళను ఏరిన. పోయిన ఏడు అరవై నాలుగు కాన్పులు, అంతే. వారానికి ఒక్కటి పైన. దానికి పది మంచాలా?"

అంబాదాస్ నా వైపు తిరిగి, "సార్, మీరు ఒక సంతకం చేస్తే ఐపోతది" అన్నాడు. నేను కలం మూత తీశాను. దాచడంలో అర్థం లేదు, తీశాను.

అప్పుడు గుమ్మం దగ్గర నుండి గోదావరి అడిగింది. "సార్, ఒక మాట. కోపం చేయొద్దు. గా గీత అడ్డం పండుకున్నదంటే ఏంది మతలబు?"

"పేటకు వచ్చి చేరేవారూ, పేటను విడిచిపోయేవారూ సమానమయ్యారని అర్థం" అన్నాను.

"పోయేటోళ్ళంటే, సచ్చేటోళ్ళేనా?"

నూలు వ్యాపారులు నవ్వారు. నేను నవ్వలేదు.

ఆమె ఆగలేదు. "నాకు నలుగురు ఆడపిల్లలు. ముగ్గురిని భివండికిచ్చిన, ఒకదాన్ని సూరత్‌కిచ్చిన. అప్పుడు ఇంట్ల ఆరుగురం, ఇప్పుడు ముసలాయన, నేను, ఇద్దరం. మీ గీత ప్రకారం నా ఇల్లు ఖాలీ. మరి ఈ పదేండ్లల్ల నా ఇంట్ల ఎన్ని పురుళ్ళు పోసిన్నో ఎరుకేనా? తొమ్మిది."

యాదగిరి చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. "ఏమంటున్నది?"

"తొమ్మిది పురుళ్ళంట కాకా!" అని అమోల్ అరిచాడు.

"తొమ్మిదా! శాబాష్ వదినె, ఈ వయసుల!"

"నావి కాదయ్యా, బిడ్డలవి! నీ చెవులు సాంచలల్ల పడెయ్య!"

అంబాదాస్ బల్ల మీద కొట్టాడు. "గోదావరీ, ఇది తమాషా కాదు, మీటింగ్. ఇక్కడ్నే దవాఖాన కావాలని అర్జీ ఇచ్చినవ్ గదా, చూస్తం."

అంబాదాస్ ఆమెకు వరుసకు బావ. పేటలో అధ్యక్షుడితో ఆ చనువున మాట్లాడేవారు తక్కువ. "బావా, అర్జీ ఇచ్చి ఆరు నెల్లయింది. నా బిడ్డకు ఇంకొక్క నెల ఉన్నది. నొప్పులు అర్జీకొస్తయా, దీనికొస్తయా?"

అంతవరకు తల దించుకుని ఉన్న రూపాలి అప్పుడు మాట్లాడింది. "రెండేండ్ల కింద నొప్పులొస్తే ఊరవతలి దవాఖానకు రిక్షాల తోలుకపోయిన్రు. కొంతం చౌక్‌ల సిగ్నల్ పడ్డది. రిక్షా ఆగింది, మావోడు ఆగలే. ఇప్పుడందరు వాణ్ణి చౌక్యా అని పిలుస్తరు." వ్యాపారులు మళ్ళీ నవ్వబోయారు. "నవ్వుండ్రి, నేను గూడ ఇప్పుడు నవ్వుతున్న. ఆనాడు రిక్షా ఆయన అంగీ ఇప్పి నా మీద కప్పి, చుట్టూ ఉన్న బండ్లోళ్ళకు దండం పెట్టి అవుతలికి తిరగమన్నడు. నెల తర్వాత గదే రస్తా, గదే సిగ్నల్. మంగళ కార్యాలయం కడితే నాకు ఫైదా ఏంది? పెండ్లి ఐపోయింది గదా నాది."

వ్యాపారులు టీ కప్పులు కింద పెట్టారు.

"మావ్షీ, మీ బాధ నాకర్థమైతది" అన్నాడు అమోల్, మరాఠీలో పిన్ని వరుస పెట్టి, నిజాయితీగానే. "కాని బాధ వేరు, డేటా వేరు."

"డేటా అంటే ఏంది?"

"జరిగిన్నాడే రాసిపెట్టిన లెక్క."

"గంతేనా?" అన్నది గోదావరి. "రూపాలీ, మూట ఇప్పు."

మూటలో మూడు బొంతలు ఉన్నాయి. ఇక్కడ అందరూ గోధడి అంటారు. వాటి సంగతి చెప్పాలంటే తొట్లెల సంగతి చెప్పాలి. గోదావరి అత్తగారు విడిచిపోయిన నాలుగు టేకు తొట్లెలు ఆమె ఇంట ఉన్నాయి. రోజువారీగా బిడ్డను పాత చీర ఉయ్యాలలో ఊపినా, ఇరవై ఒకటో రోజున పేరు పెట్టేటప్పుడు ఆ చెక్కుడు తొట్లెలో వేయడం మా పేట ఆచారం. కాన్పు ఏ దవాఖానలో జరిగినా, ఆ రోజు తొట్లె తల్లిగారింటికే వస్తుంది. ఒక్కొక్క రోజు ఐదారు ఇళ్ళవారు తొట్లె అడిగేవారు, తగవులు పడేవారు. అందుకు గోదావరి ఒక నియమం పెట్టింది. తొట్లె కావలసినవారు తమ ఇంట్లో నేసిన బట్ట అంచు నుండి జానెడు పట్టీ చించి, దాని మీద తల్లి పేరు, అత్తగారి ఊరు, తేదీ రాసి తేవాలి. రాసేది నూలు కట్టలకు గుర్తులు వేసే నీలి సిరాతో; అది ఉతికినా పోదు. ఎవరి పట్టీ ముందు వస్తే తొట్లె వారిది. తొట్లె తిరిగి వచ్చాక పట్టీ ఆమె దగ్గరే ఉండిపోతుంది. పసివాళ్ళ పేరు మీద వచ్చిన గుడ్డను పారవేయకూడదని ప్రతి దసరాకు ఆ ఏటి పట్టీలన్నీ కలిపి ఒక గోధడి కుడుతుంది. ప్రసూతి గృహం మూతపడ్డాక మూడు దసరాలు వచ్చాయి.

ఆమె మూడింటినీ నేల మీద పరిచింది. నేను కలం జేబులో పెట్టుకుని కుర్చీలోంచి లేచాను. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, ఇస్త్రీ మడత చెదరని పాంటుతో, అందరి ఎదుట నేల మీద మోకరించడం సులభమైన పని కాదు. నేను మోకరించాను. జీవితంలో నేను చూసిన దత్తాంశాలలో చేతితో తడిమి చదివినది అదొక్కటే.

తెల్ల తువ్వాలు పట్టీలు, ఎర్ర చద్దరు పట్టీలు, చీర అంచులు. కమల, భివండి. రాజశ్రీ, సూరత్. లక్ష్మి, సిరిసిల్ల. సునీత, ఇచల్‌కరంజి. నేను వరుసలు లెక్కపెట్టాను. నా వెనుక యాదగిరి, తనకు వినపడేంత గట్టిగా, మరొకసారి లెక్కపెట్టాడు. మొదటి ఏడు నూట డెబ్బై ఒకటి. రెండో ఏడు నూట డెబ్బై ఎనిమిది. మూడో ఏడు నూట ఎనభై ఆరు. ఆ నూట ఎనభై ఆరింటిలో అత్తగారి ఊరు షోలాపూర్ అని ఉన్నవి యాభై ఎనిమిది. తక్కిన నూట ఇరవై ఎనిమిది పరాయి ఊళ్ళవి. అమోల్ జాబితాలో అవి లేవు. తండ్రి చిరునామా ఈ పేటది కానివారినందరినీ అతడు ముందే ఏరి పక్కన పెట్టాడు.

నా తప్పు నాకు అక్కడే, మోకాళ్ళ మీద ఉండగానే తెలిసింది. నా సమీకరణం చూసేది నికర మార్పును. అది సున్నా అయినంత మాత్రాన పుట్టుకలు ఆగినట్టు కాదు. పుట్టినంతమంది బయటికి పోతున్నా అది సున్నాయే. నాలుగు రోజులకొకసారి నల్లా వచ్చే ఊళ్ళో బతుకుతూ నేను ఈ మాత్రం గ్రహించలేదు: నిండిన బిందెలో మట్టం పెరగదు, అంతమాత్రాన నల్లా కట్టేసినట్టు కాదు. మా పేట తనలో చోటు చాలక ఆడపిల్లలను భివండికీ సూరత్‌కూ పంపింది. వారు అక్కడి జనాభాలో లెక్కకు వస్తారు, పురుటికి ఇక్కడికి వస్తారు. జనాభాకు గల్లీ పొడవు సీమ అవుతుంది, కాన్పులకు కాదు. నా నివేదికలో మొదటి పదమూడు పుటలు సరైనవే. చివరి వాక్యం మాత్రం లెక్కలోంచి రాలేదు, నా అహంకారంలోంచి వచ్చింది.

గోదావరి నా ముఖం చూసి ఉంటుంది. నన్ను వదిలి అంబాదాస్‌ను పట్టుకున్నది. "బావా, నువ్వేడ పుట్టినవ్?"

"సిద్దిపేట్‌ల. మా అమ్మమ్మ ఇంట్ల."

"యాదగిరీ, నువ్వు?"

"ఏంది?"

"ఏడ పుట్టినవ్ అని!"

"తెల్వకేం, జోడ్‌భావి పేట్‌ల, మా మేనమామ ఇంట్ల!"

నేను పుట్టింది సిరిసిల్లలో, మా అమ్మమ్మ ఇంటి వెనుక అరలో. నా ఇద్దరు పిల్లలూ పుట్టింది నా భార్య తల్లిగారింట. నూలు వ్యాపారులిద్దరూ అడగకముందే తమ అమ్మమ్మల ఊళ్ళు చెప్పారు. ఆ గదిలో కుర్చీల మీద ఉన్నవారిలో తండ్రి చిరునామాలో పుట్టినవాడు ఒక్కడూ లేడు. ఆచారం మాకు తెలియక కాదు. అది ఆడవారి సంగతి, లెక్కల్లోకి వచ్చేది కాదనుకున్నాం.

"సర్, అయినా" అన్నాడు అమోల్, "గోధడి మీద ప్లానింగ్ చేస్తమా? మనది సైంటిఫిక్ మోడల్."

నేను లేచి నిలబడ్డాను. యాదగిరి చేయి అందించాడు, తీసుకున్నాను. "అమోల్, ఒకే నియమంతో, ఎవరినీ విడువకుండా, జరిగిన నాడే, చెరగని సిరాతో నమోదు చేసినదానిని మా శాస్త్రంలో దత్తాంశం అంటారు. నీవు తెచ్చింది చిరునామాల జాబితా. ఆ నమూనా రాసినవాణ్ణి నేను. దానికి ఏ ప్రశ్న వేయవచ్చో, ఏది వేయకూడదో నాకంటే నీకు ఎక్కువ తెలుసునా?"

"సార్," అన్నాడు అంబాదాస్, గొంతు తగ్గించి, "మీ రిపోర్ట్ మీద్నే గదా ఇంత దూరం వచ్చినం. ఇప్పుడు మీరే కాదంటే మీ ఇజ్జత్ ఏంగావాలె?"

"తప్పును కప్పుకుని నిలబెట్టుకోవలసిన ఇజ్జత్ నాకు అక్కర లేదు" అన్నాను. బల్ల మీద నివేదిక ప్రతులు ఐదు ఉన్నాయి. ఐదింటిలోనూ చివరి వాక్యాన్ని అడ్డగీత గీసి కొట్టివేసి, పక్కన సంతకం చేసి, తేదీ వేశాను. కలం మూత తీసినందుకు ఆ రోజు జరిగిన పని అది.

ఓటింగు జరిగింది. నూలు వ్యాపారులు ఇద్దరూ మంగళ కార్యాలయానికి చేతులెత్తారు. యాదగిరి, నేను ప్రసూతి గృహానికి. అధ్యక్షుడి ఓటు మిగిలింది. ఆయన చేయెత్తకుండా రెండో గోధడి వైపు వంగి చూస్తున్నాడు. తెల్లని తువ్వాలు పట్టీ, అంచున ఆకుపచ్చ జీర. తన కార్ఖానా సరుకును ఆయన ఇరవై అడుగుల దూరం నుండి కూడా గుర్తుపడతాడు. దాని మీద నీలి సిరాతో: స్నేహ, పుణె, 2022 మే 14.

"ఇది మా స్నేహదా?"

"నీ బిడ్డదే బావా, నీ మనుమరాలికి పేరు పెట్టిన్నాటిది. పదకొండింటికి తొట్లె పంపుమని నువ్వే ఫోన్ చేసినవ్. పది నిమిషాలు లేటైతే నన్ను తిట్టినవ్ గూడ."

"అది గూడ రాసిపెట్టినవా?"

"పట్టీల జాగా సాలలే."

యాదగిరికి ఈసారి అంతా వినిపించింది. కుర్చీ కదిలేలా నవ్వాడు. అంబాదాస్ చేయెత్తాడు. "దీనికి నో అంటే ఇంట్ల నాకు జొన్న భాకరి పెట్టరు" అన్నాడు, వ్యాపారులకు సంజాయిషీగా. ప్రసూతి గృహ తీర్మానం రెండుకు మూడు ఓట్లతో నెగ్గింది.

వారం తరువాత మినిట్స్ అచ్చయి వచ్చాయి. వాటిలో ఇలా ఉన్నది: "విశ్రాంత ఆచార్యులు శ్రీ సిద్ధరాములు గారు సవరించిన గణాంకాలను సమర్పించగా, సభ ప్రసూతి గృహ పునర్నిర్మాణానికి ఆమోదించింది." నేను సంతకం చేయకుండా తిప్పి పంపాను. మళ్ళీ అదే వచ్చింది. మళ్ళీ తిప్పి పంపాను. మూడోసారి అమోల్ స్వయంగా వచ్చాడు.

"సర్, మీ మర్యాద కోసమే అట్ల రాసిన. గోధడి అని రాస్తే చందా ఇచ్చినోళ్ళు నవ్వుతరు."

"నవ్వనీ. నేను కాగితం మీద మూడు వేళ్ళతో గీసినదాన్ని ముప్పై ఏళ్ళు నమ్మారు. ఆమె పది వేళ్ళతో కుట్టినదాన్ని ఒక పుటలో రాయడానికి సిగ్గా?"

"అధ్యక్షులు ఒప్పుకోరు సర్."

"అయితే నా సంతకం లేని మినిట్స్‌తో సరిపెట్టుకోమను. నేను రాసింది నేను పంచుతాను."

ఇది అదే. అధ్యక్షుడి అనుమతి దీనికి లేదు, నేను అడగలేదు. జూలై 10న రూపాలికి ఆడపిల్ల పుట్టింది; మళ్ళీ ఊరవతలి దవాఖానలోనే, ఎందుకంటే మా కొత్త గోడలు అప్పటికి నడుము ఎత్తు కూడా లేవలేదు. ఈసారి యాదగిరి కొడుకు తన బండి మీద ముందు వెళ్ళి కొంతం చౌక్‌లో దారి ఇప్పించాడు. ఇరవై ఒకటో నాడు నేను వెళ్ళాను. చౌక్యా ఆ తొట్లె తనదేనని ఏడ్చి, చెల్లెలి పక్కన తానూ ఎక్కి కూర్చున్నాడు. తొట్లెకు కట్టిన పట్టీ మీద రాయడానికి గోదావరి సిరా సీసాను నా చేతికిచ్చింది. రూపాలి, భివండి, 2024 జూలై 30 అని రాశాను. నా దస్తూరి బాగుంటుందని నాకు పేరు.

మినిట్స్‌లో చేరవలసిన వాక్యాన్ని, దానిని చేర్చేవరకు ఏ కాగితం మీదా సంతకం చేయనన్న నిశ్చయంతో, కింద రాస్తున్నాను:

2024 జూన్ 9 నాటి సమావేశంలో, దాజీ పేట్ నివాసి, బీడీ కార్మికురాలు శ్రీమతి గోదావరి, మూడేళ్ళలో ఈ పేట కన్న ఐదు వందల ముప్పై ఐదు మంది పసివారి లెక్కను తన చేతికుట్టుతో సభ ముందు పరిచి, సిద్ధరాములు అనే గణాంకశాస్త్రవేత్త లెక్కలోని దోషాన్ని నిరూపించి, ప్రసూతి గృహాన్ని నిలబెట్టినారని, ఆ దోషానికి కర్తనైన నేను ఇందుమూలముగా ధ్రువీకరించి, ఆమెకు నా కృతజ్ఞతను నమోదు చేస్తున్నాను.